దూదిమన్ను

కాన్పుకని కడప నుంచి వచ్చిన వారంలోనే మా అమ్మాయి సాజియా పెరటి గోడకు ముఖం ఆనించి నిలబడి నాకు దొరికిపోయింది. అప్పుడే మొక్కలకు నీళ్ళు కొట్టాను. గోడ కూడా తడిసి వాసన కొడుతోంది.

“ఏం చేస్తాండావే ఆడ?”

“ఏం ల్యా.”

“గోడ తింటాండావా?”

“తిన్లేదుమా. ఊరికే నాకినా.”

ఆ గోడకు అవతల షేర్ ఆటోలు ఆగుతాయి. ఆటో కోసం నిలబడే మగవాళ్ళు ఆ గోడ దగ్గర ఏం చేస్తారో కల్లూరు మొత్తానికి తెలుసు. ఇటువైపే కదా నాకింది అనుకుని ఊరుకుందామా అంటే, గోడకు తేమ పడితే అటుదీ ఇటుదీ అని ఉంటుందా? ఏడో నెల కడుపు. కామెర్లు వస్తే ఏం చేయాలి, జ్వరం తగిలి లోపల బిడ్డ కదలడం మానేస్తే ఏ ఆసుపత్రికి పరుగెత్తాలి, ఆ వేళకు ఆటో దొరుకుతుందా లేదా, అంతా ఆ గోడ దగ్గర నిలబడే ఆలోచించేశాను.

“కడపలో కూడా ఇదే పనా?”

“ఆడ సుద్దముక్కలు తింటాంటి. మా అత్త దాచిపెట్టేసింది. ఇంగ బియ్యంలో మట్టిగడ్డలు ఏరుకుంటాంటి.” నవ్వింది. “ఉమర్ చూసి, మీ అమ్మోళ్ళ ఇంటికి పో తల్లీ, ఆడైతే ఇల్లే తినొచ్చు అన్యాడు.”

అల్లుడికి అన్నీ నవ్వులాటే.

కడుపుతో ఉన్నవాళ్ళకు మన్ను మీద మనసు పోవడం కొత్త కాదు. సాజియా కడుపులో ఉన్నప్పుడు నేనూ తిన్నాను. మా అమ్మ ఎర్రమన్ను పెనం మీద దోరగా వేయించి, పాత గుడ్డలో మూటకట్టి ఇచ్చేది. వద్దంటే దొంగతనంగా తింటారు, ఎక్కడిదో ఏ కుక్క పడుకున్న చోటిదో తింటారు, అందుకని ఇంట్లో పెద్దవాళ్ళే మంచి మన్ను చూసి ఇవ్వాలనేది మా ఇళ్ళలో ఆడవాళ్ళు పాటించే పద్ధతి. మంచి మన్ను కోసం నేను వెతకాల్సిన పని లేదు. మా పెరట్లోనే ఉంది.

మేము దూదేకుల వాళ్ళం. మా ఆయన గౌస్ పీర్ పరుపులు కుడతాడు. పాత పరుపు విప్పి దూదిని మిషన్లో వేసి ఏకితే, పనికిరాని నలుసు బస్తాలకొద్దీ రాలుతుంది. ఈ స్థలం కొన్నప్పుడు ఇదంతా గరుసు నేల. గడ్డపార వేస్తే నిప్పులు రాలేవి, గడ్డి కూడా మొలిచేది కాదు. ముందు ఇక్కడ శెనగచెక్క గోదాము ఉండేదని అమ్మినవాడు చెప్పాడు. ఇల్లు కట్టుకున్నప్పటి నుంచి మా ఆయన ఆ నలుసంతా తెచ్చి పెరట్లో పోస్తాడు, నేను పక్క వీధి నుంచి ఎనుముల పేడ తెచ్చి కలుపుతాను, ఏటా వానల ముందు ఇద్దరం పారలతో తిరగేస్తాం. అట్లా అట్లా ఆ గరుసే నల్లగా, మెత్తగా, పిడికిట్లో పడితే ముద్దయ్యేలా తయారైంది. ఇరుగుపొరుగు దానికి దూదిమన్ను అని పేరు పెట్టి, పూలకుండీలకు గంపలతో అడుక్కుని పోతారు. చుక్కకూర, గోగాకు, వంకాయ, ఏది వేసినా వస్తుంది.

బజారులో మన్ను బిళ్ళలు కూడా అమ్ముతున్నారు గానీ వాటిలో ఏం కలుపుతారో ఎవడికి తెలుసు. నేను మా మన్నే తీసి, పరుపు గుడ్డలో జల్లించి, మిద్దె మీద ఎండబెట్టి, పురుగూ పుట్రా గుడ్లేమైనా ఉంటే చస్తాయని పెనం మీద బాగా వేయించి, గాజుసీసాలో పోసి మూత పెట్టాను. అన్నం తిన్నాక ఒక స్పూను. అంతకంటే వద్దు అన్నాను. సాజియా మొదటిసారి నోట్లో వేసుకుని కళ్ళు మూసుకుంది.

“ఎట్లుండాది?”

“వాన పడినట్లుండాదిమా.”

రెండు నెలలు గడిచే దాకా ఆ సీసా మళ్ళీ మళ్ళీ నింపుతూనే ఉన్నాను.

పక్క స్థలం జయపాల్‌ది. స్కూలు వ్యాన్లు తిప్పుతాడు. ఆ రెండు నెలల్లోనే ఇల్లు మొదలుపెట్టి పునాదులకు జేసీబీ పిలిపించాడు. మధ్యాహ్నానికి అక్కడ కేకలు వినపడ్డాయి. నేను మిద్దె ఎక్కి చూశాను. గుంటలో నుంచి కుళ్ళిపోయిన గోతాలు లేస్తున్నాయి. వాటిలో నుంచి సున్నం గడ్డల్లాంటి తెల్లటివి రాలుతున్నాయి. ముక్కిపోయిన గుడ్డల పెట్టె తెరిచినట్టు వాసన మా మిద్దె దాకా వచ్చింది. కూలివాళ్ళు కళ్ళు మండుతున్నాయని కొళాయి దగ్గరికి పరుగెత్తారు.

జయపాల్ మా ఇంటి ముందుకు వచ్చి నిలబడ్డాడు. “ఏమప్పా గౌస్ పీరూ, శెనగచెక్క అంటివి కదప్పా! పురుగుమందుల గోదాము ఇది. అమ్ముడుపోని మందంతా ఈడనే పూడ్చి పోయినాడు నా కొడుకు.”

“నాకేం తెలుసప్పా? నాకు చెప్పినోడు చెక్కనే అన్యాడు.”

“నీకేం, నువ్వు పరుపు పరుచుకోని దాని మింద పండుకుండావు. నేను తవ్వినా.”

ఆఫీసుల నుంచి మనుషులు వచ్చి గోతాలు మూటలు కట్టి తీసుకుపోయారు. నేలలు పరీక్ష చేసే చోటి నుంచి మధులత అనే మేడమ్ వచ్చింది. మా సాజియా కంటే నాలుగైదేళ్ళు పెద్దది ఉంటుంది. జయపాల్ గుంటలో మన్ను, మా పెరట్లో మన్ను, అతని కంచె పక్కన ఎట్లాగో మొలిచిన మొక్కల వంకాయలు, మా కూరలు అన్నీ వేరువేరు సంచుల్లో కట్టుకుని పోయింది.

ఆమె పోగానే పెరట్లో ఉన్న కూరంతా పీకేశాను. చుక్కకూర, గోగాకు, కాపు మీద ఉన్న వంకాయ మొక్కలు కూడా. మా ఆయన అడ్డం వచ్చాడు. “పరీక్ష కానీలేవే. కాసిన చెట్టును పీకుతావా?” నేను వినలేదు. బజారు నుంచి తెచ్చిన కూర కూడా ఉప్పునీళ్ళలో వేసి కడిగి వండాను. సాజియాకు బోరు నీళ్ళు మాన్పించాను. వేరు కదా లోపలికి పోయేది, లోపల మందుంటే లాక్కుని ఆకులోకి ఎక్కిస్తుంది, అదీ నా భయం. సీసాలో మన్ను మీద అనుమానం రాలేదు. అది పైమన్ను. నా చేత్తో నేను పోసి పెంచింది. పైగా వేయించింది. కూరలు మానేసి నోరు చప్పబడిందని సాజియా గొణిగితే, ఇంకో స్పూను తినమని నేనే అన్నాను.

మధులత మేడమ్ మళ్ళీ వచ్చేసరికి సాజియా లోపల నిద్రపోతోంది. మేడమ్ పెరట్లోకి వచ్చి బోసిపోయిన మళ్ళను చూసి, “అయ్యో, కూరలన్నీ పీకేశారా?” అంది.

“భయమేసింది మేడమ్.”

“మీ కూరలు బాగానే ఉన్నాయమ్మా. పక్కన వంకాయలో వచ్చింది మందు. మీ దాంట్లో దాదాపు లేదు.”

మా ఆయన నా వైపు చూశాడు. చూశావా అన్నట్టు.

“మందు మా పక్క రాలేదా, మేడమ్?” అన్నాను.

“వచ్చింది. మీ మట్టిలో వాళ్ళ మట్టి కంటే ఎక్కువే ఉంది. మీరు ఏటా తవ్వి తిరగేశారు కదా, కింద ఉన్నదంతా పైకి కలిసింది.” ఆమె వంగి ఇంత మన్ను చేతిలోకి తీసుకోబోయి, మానేసి, చెప్పు మొనతో చూపించింది. “ఇవి పాతకాలం మందులు. డీడీటీ, గమాక్సిన్ పొడి. నీళ్ళలో కరగవు. నూనె మరక లాంటివి అనుకోండి. నూనె ఒలికితే నీళ్ళు పోస్తే పోతుందా? దూదితో తుడిస్తే దూది పట్టుకుంటుంది. మీరు వేసిన పేడ, నలుసు కుళ్ళి నల్లగా అయింది కదా, అది దూదిలాగా మందును పట్టుకుని కూర్చుంది. వేరుకు వదలడం లేదు. పక్కన ఉత్త గరుసు, పట్టుకునేది లేదు, అందుకే చెట్టుకు ఎక్కింది.”

“అంటే మందు చచ్చిపోయినట్లేనా?” మా ఆయన అడిగాడు.

“చావదు పెద్దాయనా. కొంచెం కొంచెం తగ్గుతుంది గానీ శానా ఏళ్ళు ఉంటుంది. పోలేదు, పట్టుబడింది అంతే.”

“అయితే ట్రాక్టర్ పెట్టి ఈ మన్నంతా ఎత్తించేస్తా.”

“ఎత్తించి ఎక్కడ పోస్తారు? ఎవరి చేలోనో కదా? వద్దు. కదపకండి. ఏటా పేడ, నలుసు పైన వేస్తూనే ఉండండి, తవ్వి తిరగేయకండి. సొర, గుమ్మడి పెట్టొద్దు, ఆ తీగలు మిగతా వాటి కంటే ఎక్కువ లాగుతాయి. ఆకుకూరలకు మన్ను అంటుకుంటుంది, శుభ్రంగా కడగండి. అంతే.” లేవబోతూ మళ్ళీ అంది. “ఆకులో లేదు అంటే మట్టిలో ఉన్నట్టు. అది మాత్రం నోట్లోకి పోకూడదు. చిన్నపిల్లలు ఉన్నారా ఇంట్లో?”

“లేరు,” అన్నాడు మా ఆయన.

నేను తలుపు పట్టుకుని నిలబడ్డాను. “పెనం మీద వేయిస్తే పోతాదా మేడమ్?”

“ఏంటి వేయిస్తే?”

“మన్ను.”

ఆమె నన్ను చూసింది, కిటికీలో నుంచి లోపల మంచం మీద పడుకున్న సాజియాను చూసింది, ఆ కడుపు చూసింది. మా ఆయన ఇంకా అర్థం కాక, “మన్ను వేయించేదేందే?” అంటున్నాడు.

“ఆ వేడికి పోయే మందు కాదమ్మా,” అంది మేడమ్ మెల్లగా. “ఆపేయించండి. డాక్టర్ దగ్గరికి తీసుకుపోండి.”

ఆమె పోయాక నేను వంటింట్లోకి వెళ్ళి గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను. ఎన్ని జరగని వాటికి నేను ఏడ్చి ఉంటాను! సాజియా కాలేజీ నుంచి కాస్త ఆలస్యంగా వస్తే లారీ కింద పడిందని ఏడ్చాను. ఉమర్ ఫోను ఎత్తకపోతే ఏడ్చాను. ఇప్పుడు ఏడుపు రాలేదు. చేతులు వేరే ఎవరివో పని చేస్తున్నట్టుంది. సీసా తీసి, మూత గట్టిగా ఉందో లేదో చూసి, మళ్ళీ అక్కడే పెట్టాను. పారేద్దామంటే ఎక్కడ పారేయాలో తోచలేదు.

సాజియా లేచి వచ్చి ముఖం కడుక్కుంది. చెప్పేశాను. మేడమ్ చెప్పిన మాటలన్నీ, నూనె మరకతో సహా.

“నువ్వే కదుమా వేయించి ఇచ్చింది,” అంది.

“నేనే.”

“నేను గోడ నాకుతాంటే వద్దంటివి.”

“అంటి.”

“గోడే మేలు అయితే.” నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయి, రెండు చేతులూ కడుపు కింద పెట్టుకుని గడప మీద కూర్చుంది. బిడ్డ తన్నినప్పుడు అట్లా పట్టుకుంటుంది. అప్పుడు తన్నిందో లేదో నేను అడగలేదు.

ఉమర్‌కు ఫోను చేసి తనే చెప్పింది. అవతల నుంచి అతను ఏదో అన్నాడు. “అమ్మను ఏమీ అనొద్దు,” అంది సాజియా, ఫోను ఇంకో చెవికి మార్చుకుని. “అనొద్దంటాండా కదా.”

ఆసుపత్రిలో డాక్టర్ మహేశ్వరి అంతా విని, “ఎంత తిన్నావు పాపా?” అని అడిగింది.

“అన్నం తిన్నాక ఒక స్పూను, మేడమ్.”

“ఒకటేనా?”

సాజియా నా వైపు చూసింది. “అమ్మ చూడకపోతే ఇంకా తింటాంటి.”

డాక్టర్ కనురెప్పలు కిందికి లాగి చూసింది. రక్తం తక్కువుంది, మన్ను మీద మనసు పోయేది దీనికే అయ్యుండొచ్చు, ముందే వచ్చి ఉంటే మాత్రలు ఇచ్చేదాన్ని కదా అని కోప్పడింది. స్కాన్ చేయించింది. బిడ్డ బాగుంది, గుండె బాగా కొట్టుకుంటోంది అంది.

“మందు బిడ్డకు పోయిందా మేడమ్?” అన్నాను.

“స్కాన్‌లో కనపడేది కాదమ్మా అది.”

“రక్తపరీక్ష?”

“ఇక్కడ చేయరు. ఎక్కడైనా చేయించినా ఎంతుందో తెలుస్తుంది గానీ, బయటికి తీసే మందు లేదు. తిన్న మట్టిలో ఉన్నదంతా ఒంటికి పట్టదు, కొంత మట్టితోనే బయటికి పోతుంది. ఏమీ కాకపోవచ్చు. అయితే ఏమీ కాదని నేను రాసివ్వలేను.”

“పాలు?” అన్నాను. “కొవ్వులో చేరే మందంట, మా అల్లుడు ఫోనులో చదివినాడు. పాలల్లో వస్తాదంట కదా మేడమ్. ఈమె పాలు ఇయ్యొచ్చా?”

“ఇయ్యాల.”

“పాలల్లో వస్తాదా రాదా?”

“కొంచెం వస్తుంది.” ఆమె కలం మూసి నా వైపు తిరిగింది. “నీ పాలల్లో రాలేదనుకుంటున్నావా? నీ చిన్నప్పుడు ధాన్యం గరిసెల్లో ఈ పొడే చల్లేవాళ్ళు. మలేరియా వాళ్ళు వచ్చి గోడలకు ఇదే కొట్టేవాళ్ళు. మీ కాలంలో అందరి పాలల్లోనూ ఉండేది, ఇప్పటి కంటే ఎక్కువే. ఈమెకు పాలు ఇవ్వలేదా నువ్వు?”

“మూడేళ్ళు ఇచ్చినా.”

“మరి?” అంది. గంట కొట్టి ఇంకొకరిని పిలిచింది.

సాజియా కుర్చీలో నుంచి లేస్తూ నా భుజం పట్టుకుంది. ఆ చేతిని చూశాను. గాజుల కింద సన్నటి నరం. ఈ పిల్లను నేను ఎన్నిటి నుంచి కాపాడాననుకున్నానో. వీధిలో ఐస్ ఫ్రూట్ కొననియ్యలేదు, కాలవలో దిగనియ్యలేదు. డాక్టర్ చెప్పింది వింటే ధైర్యం రావాలో, ఉన్నది కూడా పోవాలో నాకు తెలియలేదు. రెండూ కాలేదు.

జయపాల్ పునాదుల్లో తవ్విన ఎర్రగరుసంతా ట్రాక్టర్లకు ఎత్తించి పంపేశాడు. ఎక్కడికి పంపావప్పా అని మా ఆయన అడిగితే, ఎవురో గుంట పూడ్చుకోవాలంటే ఇచ్చినా అన్నాడు. మా ఆయన మాత్రం నలుసు బస్తాలు తెచ్చి పెరట్లో పరిచాడు. పార ముట్టలేదు. పైన పేడ నీళ్ళు చల్లాడు. పెరటి గుమ్మానికి అడ్డంగా తడిక కట్టాడు.

కాన్పు మామూలుగానే అయింది. ఆడపిల్ల. నర్సు చేతిలో పెట్టగానే అంగిట్లో వేలు పెట్టి చూశాను. చెవులు, గోళ్ళు, వెన్ను చూశాను. ఎక్కడా లోపం లేదు. లోపం లేనందుకు సంతోషించాలి కదా అని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ మాట పక్కింటి వాళ్ళకెవరికో చెబుతున్నట్టే ఉంది.

డాక్టర్ చెప్పినా, నేను ముందే డబ్బా పాలు కొని సంచి అడుగున పెట్టుకున్నాను. పిల్ల ఏడుస్తోంది. సాజియా జాకెట్టు తడిసింది. పిల్లను రొమ్ము దగ్గరికి తీసుకుని, ఆగిపోయింది. మళ్ళీ తీసుకుని, మళ్ళీ ఆగిపోయింది. పక్క మంచం ఆమె అటు తిరిగి పడుకుంది.

“సంచిలో ఏముండాదిమా?” అంది సాజియా.

“పాలడబ్బా.”

“నాకు తెలుసు.”

పిల్ల నోరు తెరిచి తల అటూ ఇటూ తిప్పుతోంది. ముఖమంతా ఎర్రబడింది.

“మేడమ్ ఇయ్యాల అన్యాది,” అంది సాజియా. “అన్యాది కానీ నాకు చేతులు రాలేదు. నువ్వు చెప్పు. నువ్వు వద్దంటే వద్దు. ఇయ్యి అంటే ఇస్తా.”

“నన్ను అడుగుతాండావా?”

“ఇంగెవుర్ని అడగల్ల?”

పుట్టినప్పటి నుంచి సాజియాకు నేను వద్దు అనే చెప్పాను. బండి ఎక్కొద్దు, మిద్దె అంచుకు పోవద్దు, రాత్రి చదవొద్దు. తినమని నా చేత్తో ఇచ్చింది ఆ మన్ను ఒక్కటే. ఇప్పుడు మళ్ళీ చెప్పాల్సింది నేనే. డబ్బా వైపు చూశాను. ఆ డబ్బాకు నీళ్ళు కావాలి, ఆ నీళ్ళు ఎక్కడివి, సీసా ఎవరు కడుగుతారు, ఎండాకాలం, విరేచనాలు పట్టుకుంటే పూట కూడా ఆగదు. అవన్నీ వరసగా కళ్ళ ముందుకు వచ్చాయి. పాలల్లో ఉన్నది మాత్రం కళ్ళకు కనపడలేదు, ఎట్లా ఉంటుందో ఊహకు కూడా రాలేదు. ఉందని తెలుసు. ఎంతో తెలియదు. ఏం చేస్తుందో తెలియదు.

“ఇయ్యి,” అన్నాను.

సాజియా నా ముఖంలోకి చూసింది. నా ముఖంలో ఏముందో గానీ, ఇంకో మాట అడగలేదు. నేను పిల్ల తల కింద అరచెయ్యి పెట్టి, గడ్డం కాస్త కిందికి నొక్కి, రొమ్ముకు అందించాను. అందుకోగానే ఏడుపు తెగిపోయింది. సాజియా నొప్పికి పళ్ళు బిగబట్టింది. తర్వాత మెల్లగా బిగువు వదిలింది. పిల్ల గొంతు దగ్గర చర్మం లేస్తూ పడుతూ ఉంది. నేను చెయ్యి తీయలేదు. చెయ్యి తిమ్మిరెక్కి, పిల్ల తల బరువు కూడా తెలియడం మానేసింది.

ఉమర్ కడప బస్సు దిగి నేరుగా వచ్చాడు. వార్డు తలుపు దగ్గరే చెప్పులు చేత్తో పట్టుకుని నిలబడ్డాడు, లోపలికి రావచ్చో లేదో తెలియనట్టు.

“తాగుతాందా అత్తా?”

“తాగుతాంది,” అన్నాను.